మచ్చ ఎలా ఉందో రోగినీ అడగండి

సంపాదకుల వారికి,

ఆపరేషన్ అయ్యాక కుట్లు విప్పించుకోవడానికి వెళ్తే, వైద్యులు కోతను ఒకసారి చూసి, చీము, వాపు లేవని నిర్ధారించుకుని, ‘బాగా మానింది’ అని చీటీలో రాసి పంపుతారు. ఆ మాట అబద్ధం కాదు. అయితే ఆ మచ్చను జీవితాంతం ఒంటిపై మోయవలసిన మనిషికి అది ఎలా అనిపిస్తోందో ఆ చీటీలో ఎక్కడా ఉండదు. నాలుగేళ్ల క్రితం నిలువు కోతతో సిజేరియన్ జరిగిన నాకూ అలాగే రాసిచ్చారు. ఆరు నెలలు తిరిగేసరికి కోత పై చివర ఉబ్బి గట్టిపడింది; సరిగ్గా అక్కడే లంగా బొందు ఒరుసుకోవడంతో ఎండాకాలమంతా దురదకు నిద్ర పట్టేది కాదు. వెళ్లి చెప్పుకుంటే, ‘కనబడే చోటు కాదు కదమ్మా’ అన్నారు. నా బాధ కనబడడం గురించి మాత్రమే కాదు.

మచ్చ తీరును అంచనా వేయడానికి వైద్యులు వాడే కొలమానాల్లో 1990లో వచ్చిన వాంకూవర్ స్కేలు మచ్చ రంగు, ఎరుపుదనం, మెత్తదనం, ఎత్తు చూస్తుంది కానీ, నొప్పినీ దురదనూ లెక్కలోకి తీసుకోదు. 2004లో నెదర్లాండ్స్ పరిశోధకులు ప్రచురించిన పొసాస్ స్కేలులో వైద్యుడి పత్రంతోపాటు రోగికీ ఒక పత్రం ఉంది. నొప్పి, దురద, రంగు, గట్టిదనం, మందం, ఎగుడుదిగుడు అనే ఆరు అంశాలకు రోగే 1 నుంచి 10 వరకు అంకె వేయాలి. దీనికి యంత్రం అక్కరలేదు, ఖర్చూ లేదు.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, అంతకుముందు ఐదేళ్ల కాన్పుల్లో తెలంగాణలో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం సిజేరియన్లే. ఇన్ని లక్షల మంది తల్లుల మచ్చల గురించి వారినే అడిగే ఏర్పాటు లేకపోవడం నాకు చాలా బాధ కలిగిస్తోంది. పైగా మచ్చ ఏడాదికి పైగా మారుతూనే ఉంటుంది. ముదురు రంగు చర్మంలో కెలాయిడ్ (కోత హద్దులు దాటి ఉబ్బి పెరిగే మచ్చ) వచ్చే అవకాశం కూడా ఎక్కువ. కుట్లు విప్పిన రోజు చూసి తేల్చే విషయం కాదిది. ఉబ్బు మొదలవుతున్నప్పుడే గుర్తిస్తే సిలికాన్ షీటు, ఇంజెక్షన్ వంటి చికిత్సలకు వీలుంటుంది.

అందుకే ఆ ఆరు ప్రశ్నలను తేలిక తెలుగులో డిశ్చార్జి చీటీ వెనక ముద్రించాలని వైద్య ఆరోగ్య శాఖలను కోరుతున్నాను. బిడ్డకు 14 వారాలకు, మళ్లీ 9 నెలలకు టీకాలు వేయించడానికి తల్లి ఎలాగూ వస్తుంది. ఆ రెండుసార్లూ ఏఎన్ఎం ఆమె చేత అంకెలు వేయించి, ఎక్కువగా ఉంటే వైద్యుడి దగ్గరకు పంపితే సరిపోతుంది.

ఇట్లు,
ఒక పాఠకురాలు, నల్గొండ