బాలింతల ఇంట్లోవాళ్లను తరగతికి రప్పించినందుకు కృతజ్ఞతలు

తల్లిపాల వారోత్సవాల్లో మేం పెట్టిన తరగతులకు అత్తగార్లను, అమ్మమ్మలను, భర్తలను ఒప్పించి తీసుకొచ్చిన ఆశా కార్యకర్తలకు, గది ఇచ్చిన అంగన్‌వాడీ టీచర్లకు మా నర్సుల బృందం తరఫున నమస్కారాలు. తల్లి ఒక్కదానికే ఎంత చెప్పి పంపినా, ఇంటికెళ్లాక "పాలు చాలట్లేదు, డబ్బా పట్టించు" అన్న ఒక్క మాటతో అంతా గాలికి పోతుంది.

ఆ మాట పుట్టేది మొదటి మూడు రోజుల్లోనే. పుట్టిన రోజున బిడ్డ ఒకసారికి తాగేది చెంచాడు, 5 నుంచి 7 మిల్లీలీటర్లు. ముర్రుపాలు చుక్కలుగా రావడం లోటు కాదు. పాలు దిగడానికి 2 నుంచి 4 రోజులు పడుతుంది, సిజేరియన్ అయితే ఇంకాస్త ఆలస్యం కావచ్చు. ఈలోగా డబ్బాపాలు పడితే బిడ్డ నిండు కడుపుతో నిద్రపోతాడు, రొమ్ము చీకడు. చీకకపోతే పాలు పెరగవు. అప్పుడు "చూశావా, చాలట్లేదు" అన్నది నిజమైపోతుంది. రోజుకు 8 నుంచి 12 సార్లు పట్టాలి, రాత్రి కూడా.

3, 7, 14 రోజులకు ఇంటికెళ్లి బిడ్డను తూచి, అంకె పెద్దవాళ్లకే చూపించిన ఆశా అక్కలకు ప్రత్యేకంగా. మొదట కాస్త బరువు తగ్గడం మామూలే, రెండు వారాలకల్లా పుట్టిన బరువుకు రావాలి. ఐదో రోజు నుంచి రోజుకు కనీసం ఆరుసార్లు ఉచ్చ పోస్తుంటే పాలు అందుతున్నట్టే. ఆరు నెలల దాకా మంచినీళ్లు, తేనె, పంచదార నీళ్లు ఏవీ వద్దు, ఎండాకాలంలోనూ. తల్లిపాలలో దాదాపు 87 శాతం నీళ్లే.

వెండి ఉగ్గుగిన్నె తెచ్చి చూపించిన పెద్దమ్మకు మరీ మరీ. దాన్ని పారేయమని మేమెప్పుడూ అనం. పిండిన తల్లిపాలు పట్టడానికి సీసాకన్నా అదే మేలు. వాడే ముందు గిన్నెను నీళ్లలో పది నిమిషాలు మరగబెట్టి చల్లార్చాలి. బిడ్డను సగం కూర్చున్నట్టు ఎత్తిపట్టుకుని, గిన్నె ముక్కును బిడ్డ కింది పెదవికి ఆనించి, బిడ్డ తనంతట తాను జుర్రుకునేలా వంచాలి. పడుకోబెట్టి పోస్తే పొలమారుతుంది. పిండిన పాలు గదిలో నాలుగు గంటలకు మించి ఉంచొద్దు.

పథ్యం గురించి వాదన గట్టిగానే జరిగింది, జరగాలి కూడా. శొంఠి, వెల్లుల్లి కారం పెట్టండి, అడ్డు చెప్పం. కానీ బాలింతకు మామూలుకన్నా 600 కేలరీలు ఎక్కువ కావాలి. పప్పు, గుడ్డు, ఆకుకూర మాన్పించి, దాహమేసినా నీళ్లు ఆపితే నీరసించేది ఆమే.

రాత్రి బిడ్డను ఎత్తి అందించడం, తేన్పు తీయించడం మా పనే అని ఒప్పుకున్న నాన్నలకూ థాంక్స్. రొమ్ము ఎర్రబడి జ్వరం వస్తే పాలు పట్టడం ఆపకుండా అదే రోజు ఆసుపత్రికి తీసుకురండి. చార్టులు అంగన్‌వాడీలోనే ఉంచాం, ఎవరైనా వాడుకోవచ్చు.