కౌలు రైతు గుర్తింపునకు యజమాని సంతకం అడ్డు కారాదు

సంపాదకులకు నమస్కారం.

భూసంస్కరణలు అనగానే మనకు 1973 నాటి భూపరిమితి చట్టమే గుర్తుకొస్తుంది. మిగులు భూముల పంపిణీపై చర్చ ఇప్పటికీ అవసరమే గాని, గోదావరి డెల్టాలో ఈనాడు దిగుబడినీ, రైతు చేతికొచ్చే ధరనూ ఎక్కువగా శాసిస్తున్నది కౌలు వ్యవస్థ.

ఇక్కడ కౌలు చాలావరకు నోటిమాట ఒప్పందమే, అదీ ఏడాదికే. వచ్చే ఏడు అదే చేను తన చేతిలో ఉంటుందో లేదో తెలియని మనిషి పచ్చిరొట్ట ఎరువుగా జీలుగ చల్లి కలియదున్నడానికో, పశువుల ఎరువు తోలించడానికో, మురుగు బోదె పూడిక తీయించడానికో డబ్బు పెట్టలేడు. ఈ పంటను గట్టెక్కించే యూరియాతోనే సరిపెట్టుకుంటాడు. దీన్ని రైతు నిర్లక్ష్యమనడం అన్యాయం. పశ్చిమ బెంగాల్ 1978లో ఆపరేషన్ బర్గా మొదలుపెట్టి, పాలుకు చేసేవారిని ఊళ్లలోనే నమోదు చేసి, వారిని ఇష్టానుసారం తొలగించకుండా, పంటలో న్యాయమైన వాటా దక్కేలా చూసింది. యాజమాన్యం చేతులు మారకపోయినా, ఆ భద్రత వల్ల దిగుబడి పెరిగిందని ఆర్థికవేత్తల అధ్యయనాలు తేల్చాయి.

కౌలు రైతుల గుర్తింపు కోసం మన రాష్ట్రం తెచ్చిన 2011 చట్టం యజమాని సంతకంతో నిమిత్తం లేకుండా రుణ అర్హత కార్డులకు దారి తెరిచింది. 2019 చట్టం పంట సాగుదారు హక్కు పత్రానికి ఆ సంతకాన్ని తప్పనిసరి చేసి, ఆ దారిని ఇరుకు చేసింది. సంతకం పెడితే భూమి పోతుందేమోనన్న భయం యజమానులలో ఎంత బలంగా ఉందో పల్లెల్లో అందరికీ తెలుసు.

కార్డు లేనివాడికి బ్యాంకులో అప్పు పుట్టదు. ఎరువుల కొట్టు యజమానో, ధాన్యం వ్యాపారో పెట్టుబడి పెడితే, పంట కళ్లంలోనే ఆ బాకీ కింద జమవుతుంది. 2024-25లో సాధారణ రకం ధాన్యానికి మద్దతు ధర క్వింటాలుకు 2,300 రూపాయలు, అంటే 75 కిలోల బస్తాకు 1,725; బాకీకి కట్టుబడినవాడు ఆ ధర కోసం గట్టిగా అడగలేడు. బాసుమతీయేతర తెల్లబియ్యం ఎగుమతిని కేంద్రం 2023 జూలైలో నిషేధించి 2024 సెప్టెంబరులో తిరిగి అనుమతించింది. కాకినాడ రేవు నుంచి ఆఫ్రికా దేశాలకు బియ్యం ఓడలు కదిలినప్పుడు వచ్చే లాభం ఇలాంటి రైతు దాకా చేరదు. ధర పడిపోయిన ఏడు మాత్రం యజమానికి కొలవాల్సిన కౌలు బస్తాలు తగ్గవు.

కనుక సంతకం నిబంధనను తొలగించి, ఖరీఫ్ నాట్లకు ముందే గ్రామసభల్లో సాగుదారులను నమోదు చేయాలి. ఆ నమోదు వల్ల యాజమాన్య హక్కుకు ఏ భంగమూ ఉండదని చట్టంలోనే స్పష్టంగా రాయాలి. ఏ చేనులో ఎవరు ఏ పంట వేశారో ప్రభుత్వం నమోదు చేసే ఈ-పంటలో సాగుదారు పేరే ఎక్కించి, ధాన్యం సొమ్ము నేరుగా అతని ఖాతాలోనే వేయాలని ప్రభుత్వాన్ని కోరుతున్నాను.

— ఒక పాఠకుడు, కోనసీమ