ఫిర్యాదు: హోస్టు ఒకటి ఆగితే సరిపోని మెమరీ, మూసేసిన టికెట్

క్లౌడ్ ఆపరేషన్స్ మేనేజర్ గారికి,

నమస్కారం. ప్యాచింగ్ (సాఫ్ట్‌వేర్ సవరణలు వేయడం) కోసం మీరు ఒక హోస్టును (వీఎంలను నడిపే సర్వర్‌ను) మెయింటెనెన్స్ మోడ్‌లో పెట్టి పక్కకు తప్పించినప్పుడల్లా మా డేటాబేస్ వీఎం (వర్చువల్ మెషీన్) నత్తనడక నడుస్తోంది. టికెట్ పెడితే 'యాక్టివ్ మెమరీ 30 శాతమే' అంటూ గ్రాఫ్ జతచేసి మూసేశారు. ఈ జవాబును మేం ఒప్పుకోవడం లేదు.

యాక్టివ్ అంటే ఈమధ్య తాకిన పేజీలు (మెమరీ ముక్కలు) ఎన్నో శాంపిల్ తీసి కట్టిన అంచనా. కాష్‌లోని (మళ్లీ వాడేందుకు మెమరీలో ఉంచుకున్న డేటాలోని) పేజీని కాసేపు ఎవరూ అడగనంత మాత్రాన అది అక్కర్లేనిదైపోదు. చూడాల్సింది కన్స్యూమ్డ్ (వీఎంలకు నిజంగా కేటాయించిన మెమరీ), బెలూన్ (వీఎం లోపలి డ్రైవర్ ద్వారా హోస్టు వెనక్కి తీసుకున్న మెమరీ), స్వాప్-ఇన్ రేటు (డిస్కు మీదికి నెట్టిన పేజీలను తిరిగి తెచ్చే వేగం).

మీ రిపోర్టు ప్రకారమే లెక్క వేద్దాం. 512 జీబీ హోస్టులు నాలుగు, మొత్తం 2,048. కన్స్యూమ్డ్ 1,780. ఒక హోస్టు పక్కకు తప్పుకుంటే మిగిలేది 1,536. అందులో హైపర్‌వైజర్ (హోస్టు మీద వీఎంలను నడిపే సాఫ్ట్‌వేర్) వాటా ఇంకా తీయలేదు. లోటు 244 జీబీ. వీఎంల మధ్య పేజీ షేరింగ్ (ఒకేలాంటి పేజీలను పంచుకోవడం) డిఫాల్టుగా ఆపేసి ఉంటుంది కాబట్టి దాని మీద ఆశ లేదు. ఇక మిగిలేది బెలూన్, కంప్రెషన్ (పేజీలను కుదించడం), చివరికి స్వాప్.

'హెచ్ఏకి 25 శాతం పక్కన పెట్టాం' అన్నది కాగితం మీది మాటే. హెచ్ఏ అంటే హోస్టు పాడైతే దాని వీఎంలను వేరే హోస్టుల మీద మళ్లీ ఆన్ చేసే ఏర్పాటు. శాతం పద్ధతిలో అడ్మిషన్ కంట్రోల్ (వీఎంను ఆన్ చేయనివ్వాలా వద్దా అన్న తనిఖీ) లెక్కించేది రిజర్వేషన్లనూ (వీఎంకు తప్పక ఇస్తామన్న మెమరీ) ఓవర్‌హెడ్‌నూ (వీఎంను నడపడానికి అయ్యే అదనపు మెమరీ) మాత్రమే. రిజర్వేషన్లన్నీ సున్నా పెట్టారు కనుక ఎన్ని వీఎంలు ఎక్కించినా అది దాదాపుగా అడ్డు చెప్పదు.

మా 128 జీబీ వీఎంలో ఆ సమయంలో వాడకంగా కనిపించిన దాంట్లో 41 జీబీ ఏ ప్రాసెస్ ఖాతాలోనూ లేదు. అది బెలూన్ పట్టుకున్న మెమరీ. మా డేటాబేస్ సాఫ్ట్‌వేర్ పోస్ట్‌గ్రెస్ నమ్ముకున్న పేజీ కాష్ అంతా పోయి క్వెరీలు డిస్కు మీద పడ్డాయి. బెలూన్ డ్రైవర్ తీసేయమన్న మీ ఇంజనీరు సలహా ఇంకా ప్రమాదం. అది లేకపోతే హైపర్‌వైజర్ త్వరగా స్వాప్‌కి దిగుతుంది. ఏ పేజీ ముఖ్యమో దానికి తెలియదు.

మా వీఎంకు 128 జీబీ పూర్తిగా రిజర్వ్ చేయండి. ఆపి మళ్లీ ఆన్ చేస్తే డేటాస్టోర్‌లో (వీఎం ఫైళ్లు ఉండే నిల్వలో) అంతే సైజున్న స్వాప్ ఫైలు కూడా పోతుంది. టెంప్లేట్ (వీఎంను తయారుచేసిన నమూనా) నుంచి మెమరీ లిమిట్ (గరిష్ఠ పరిమితి) వెంట వచ్చిందేమో చూసి తీసేయండి. లిమిట్ ఉంటే హోస్టులో ఖాళీ ఉన్నా బెలూన్ ఉబ్బుతుంది. వీస్పియర్ (వీఎంలను నడిపే మీ సాఫ్ట్‌వేర్) 6.5 నుంచి హెచ్ఏలో ఉన్న, ఎంతవరకు సహించాలో చెప్పే పనితీరు తగ్గుదల సెట్టింగ్ డిఫాల్టుగా 100 శాతం, అంటే హెచ్చరికే రాదు. దాన్ని 0 చేయండి.

అసలు పరిష్కారం ఐదో హోస్టు, లేదా ఈ క్లస్టర్ (హోస్టుల గుంపు) నుంచి కొన్ని వీఎంలను తరలించడం. వీటిలో ఏది, ఎప్పటికి చేస్తారో వచ్చే ప్యాచింగ్‌కు ముందే రాతపూర్వకంగా తెలియజేయండి. అప్పటిదాకా పనివేళల్లో హోస్టులను ఆపవద్దు.

ఇట్లు,
డేటాబేస్ నిర్వహణ బృందం