లెన్స్ వెంట కాగితం కూడా పోవాలి

సంపాదకులకు,

అమ్రాబాద్ అడవిలోనూ, నాగార్జునసాగర్ దగ్గర నీటి ఒడ్డునా పక్షుల ఫొటోలు తీసేవాళ్ల చేతుల్లో లక్ష, రెండు లక్షల రూపాయల లెన్సులు ఇప్పుడు మామూలే. మన నల్లగొండ, పాలమూరు వాళ్లు అమెరికాలో పిల్లల దగ్గరికో, గల్ఫ్‌కో పోతూ ఆ సంచిని వెంట తీసుకెళ్తున్నారు. పోయేటప్పుడు దాని గురించి అడిగేవాళ్లు తక్కువ. తిరిగి శంషాబాద్‌లో దిగాకే ‘ఇది ఇక్కడిదా, అక్కడ కొన్నదా’ అన్న ప్రశ్న వస్తుంది. రుజువు లేకపోతే సొంత లెన్సుకే సుంకం కట్టాల్సిన పరిస్థితి.

దీనికి ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్ ఉంది, అంటే ఈ వస్తువు ఇక్కడి నుంచే వెంట పోయిందని కస్టమ్స్ రాసిచ్చే కాగితం. బయల్దేరే రోజే, విమానాశ్రయంలోని కస్టమ్స్ అధికారి దగ్గర తీసుకోవాలి. వస్తువును కళ్లారా చూసి, నంబరు సరిచూసి రాసిస్తారు కాబట్టి లెన్సును లగేజీలో వేసి అప్పగించాక అడిగితే పని కాదు. పాస్‌పోర్టు, టికెట్, కొన్న బిల్లు చేతిలో ఉంచుకుని మామూలు కంటే గంట ముందు వెళ్లాలి.

ఎక్కువగా తప్పు జరిగేది నంబరు దగ్గర. ‘కెమెరా ఒకటి, లెన్స్ ఒకటి’ అని రాసిన కాగితం ఏ లెన్సుకైనా సరిపోతుంది, అంటే దేనికీ పనికిరాదు. కెమెరా బాడీకి, ప్రతి లెన్సుకు, దూరాన్ని ఇంకా దగ్గర చేసేందుకు లెన్సు వెనక తగిలించే టెలికన్వర్టర్‌కు విడివిడిగా సీరియల్ నంబర్లు ఉండాలి. లెన్సు మీద కనిపించే 200-500 లాంటివి ఫోకల్ లెంగ్త్ అంకెలు, అంటే లెన్సు ఎంత దూరాన్ని దగ్గరగా చూపుతుందో చెప్పేవి, సీరియల్ కాదు. అసలు నంబరు చాలా లెన్సులకు కెమెరాకు బిగించే మౌంట్ దగ్గర, గొట్టం అడుగున సన్నగా ఉంటుంది. అరిగిపోయి కనిపించకపోతే టార్చి పక్కవాటుగా వేసి ఫొటో తీసుకోవాలి. కొన్ని కెమెరాలు తీసిన ఫొటో ఫైల్లోనే బాడీ, లెన్స్ నంబర్లను దాస్తాయి. పాత ఫొటో ఒకటి ఫోన్లో ఉంటే అదీ అక్కరకొస్తుంది. బిల్లు ఉంటే చాలదా అంటారు. బిల్లు మీద నంబరు లేకుంటే అది ఏ లెన్సుదో తేలదు. సెకండ్ హ్యాండ్‌లో కొన్నవాళ్లకు ఆ బిల్లూ ఉండదు.

అక్కడ కొత్తది కొనుక్కొచ్చేవాళ్లకు ఇంకో మాట. సుంకం లేకుండా తెచ్చుకోగల ఉచిత పరిమితి మనిషికి విడిగా లెక్క. భార్యాభర్తల పరిమితులు రెండూ కలిపి ఒకే లెన్సుకు చూపడం కుదరదు. పైగా అక్కడ ఇచ్చిన వారంటీ మన దేశంలో చెల్లుతుందో లేదో ముందే కనుక్కోవాలి. చెల్లకపోతే మిగిలిందనుకున్న డబ్బు ఒక్క మరమ్మతుకే పోతుంది. వ్యాపార సంఘాల సమాఖ్య ఫిక్కీ ఇచ్చే ఏటీఏ కార్నే గురించి, అంటే వస్తువును సుంకం లేకుండా వేరే దేశానికి తాత్కాలికంగా తీసుకెళ్లి తెచ్చుకునే పత్రం గురించి, కొందరు అడుగుతుంటారు. ప్రదర్శనలకు, వృత్తి పనికి పరికరాలు తీసుకెళ్లేవాళ్లకు అది సరే గానీ, సరదాగా తీసేవాళ్లకు ఆ పూచీకత్తు, ఆ ఖర్చు దండగ.

విడి బ్యాటరీలు చేతి సంచిలోనే ఉండాలి, లగేజీలో పెట్టకూడదు. బ్యాటరీ మీది వోల్టులను ఎంఏహెచ్‌తో గుణించి వెయ్యితో భాగిస్తే దాని సామర్థ్యం వాట్ అవర్లలో వస్తుంది. 100 వాట్ అవర్ల లోపు వాటికి విమాన సంస్థ అనుమతి అక్కర్లేదు. 7.2 వోల్టులు, 2,280 ఎంఏహెచ్ బ్యాటరీ అంటే సుమారు 16 వాట్ అవర్లే. కొనలు లోహానికి తగలకుండా ఒక్కోటి ఒక్కో కవర్లో పెట్టాలి. చేతి సామానుకు 7 కిలోల పరిమితి పెట్టే సంస్థలు చాలా ఉన్నాయి. నికాన్ 200-500 లెన్సు ఒక్కటే 2.3 కిలోలు, కాబట్టి ట్రైపాడ్‌ను లగేజీలోకి పంపాల్సిందే. ఖాళీ సంచి బరువు కూడా లెక్కలోకి వస్తుందని చాలామంది మరిచిపోతారు.

కస్టమ్స్ శాఖకు మా విన్నపం ఒక్కటే. ఈ సర్టిఫికెట్ ఎక్కడ ఇస్తారో తెలిపే బోర్డును శంషాబాద్‌లో లగేజీ అప్పగించే కౌంటర్ల ముందే, తెలుగులో పెట్టండి. దరఖాస్తులో సీరియల్ నంబరుకు ప్రత్యేకంగా ఒక గడి ఉంచండి. ఆ దరఖాస్తు నమూనాను సంపాదకులు మీ జిల్లా ఎడిషన్‌లో ఒకసారి అచ్చువేస్తే, జనం ఇంటి దగ్గరే నింపుకుని బయల్దేరతారు.

– కొందరు ఫొటోగ్రఫీ అభిమానులు, నల్లగొండ