పన్నెండు రాళ్లు, ఒక అడాప్టరు

ఒరేయ్ సుందరం,

వందనాలురా. ఫోన్‌లో చెప్తే మధ్యలో అడ్డు తగులుతావని ఉత్తరం రాస్తున్నా.

మన గుడి రెండైన సంగతి అమ్మ చెప్పే ఉంటుంది. స్థలం కాగితాల దగ్గర మొదలై, కమిటీ ఎన్నికల్లో ముదిరి, ఈస్టర్ నాడు సగం మంది లేచి వెళ్లిపోయారు. ఇప్పుడు మీ మిర్చి కొట్టంలో కూడుకుంటున్నారు. ప్రార్థనలో తుమ్ములు తప్పవట. పంపకాల్లో కీబోర్డు వాళ్లకెళ్లింది, దాని అడాప్టరు మా బీరువాలో ఉండిపోయింది. ఇవ్వకూడదని కమిటీ తీర్మానం. కింద నా సంతకం కూడా ఉంది.

మొన్న వరంగల్ నుంచి వస్తూ డోర్నకల్‌లో రైలు మారాలి, మూడు గంటలు ఖాళీ. అజరయ్య బిషప్ గారు కట్టించిన కెథడ్రల్‌కి వెళ్లా. మసీదు గుమ్మటాలు, దేవాలయపు స్తంభాలు, వాటి నడుమ సిలువ. ఎక్కడో తిరునెల్వేలి తమిళాయన, ఇక్కడికొచ్చి తెలుగు నేర్చుకున్నాడు. 1919లో తమిళనాడు తరంగంబాడిలో క్రైస్తవ సంఘాలన్నీ ఒకటి కావాలని పిలుపిచ్చినవాళ్లలో ఆయనొకడు. అలా కలిసిన సంఘం సి.ఎస్.ఐ. (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) ఏర్పడింది మాత్రం 1947 సెప్టెంబర్ 27న. ఇరవై ఎనిమిదేళ్ల కమిటీలు! మనకి ఒక్కదానికే ప్రాణం విసిగింది. పాపం, ఆయన 1945 జనవరి 1నే పోయాడు. ఇంతా చేస్తే నంద్యాల వైపు ఆంగ్లికన్లలో, అంటే ఇంగ్లండు సంఘం వాళ్లలో, చాలామంది అప్పుడు కలవనే లేదు.

తిరుగు రైల్లో బైబిల్లో 1 రాజులు 18వ అధ్యాయం తీశా. కర్మెలు కొండ. దేవుడా, బయలు అనే అన్యదేవతా తేల్చుకోండని ఏలీయా ప్రవక్త నిలదీయడం, అగ్ని దిగడం, ఇవి చిన్నప్పట్నుంచీ వింటున్నవే. రాళ్ల గురించి ఎవరూ చెప్పలేదు చూడు. రెహబాము రాజు నాడే ఇశ్రాయేలు రాజ్యం విరిగింది, పన్నెండు గోత్రాల్లో పది ఉత్తరానికి పోయాయి. ఏలీయా నిలబడింది ఆ ఉత్తరానే, అక్కడి రాజు అహాబు ఎదుట. పది గోత్రాలకి పది రాళ్లు పెడితే అక్కడ అడిగేవాడెవడు? ఆయన పన్నెండు ఏరాడు. అంత ఖండితంగా మాట్లాడిన మనిషి, అవతలివాళ్ల రాళ్లు కూడా మోసుకొచ్చి బలిపీఠంలో పెట్టాడ్రా. నేనేమో మీవాళ్లని వదిలెయ్యడమే దేవుణ్ణి పట్టుకోవడం అనుకుని సంతకం పెట్టా.

అలాగని స్థలం లెక్క వదిలేస్తాననుకోకు. అది అడుగుతా, మీ నాన్నగారి మొహానే అడుగుతా.

పోయిన ఆదివారం మీ తమ్ముడు వాయిస్తుంటే రెండో చరణంలో బ్యాటరీలు అయిపోయి కీబోర్డు ఆగిపోయింది. మైకులో మాకంతా వినపడింది. మావాళ్లు నవ్వారు. నేనూ నవ్వాను.

బీరువా తాళం నా దగ్గరే ఉంటుంది కదా. అడాప్టరు తీసి చొక్కా జేబులో వేసుకున్నా. రేపు పొద్దున్నే, మైకులు పెట్టకముందే కొట్టానికి వెళ్తా.

నీ
డేవిడ్