రైల్వే మంత్రి గారికి: లూప్ లైన్లో గంటల తరబడి కూర్చున్న డ్రైవర్ గురించి

గౌరవనీయులైన రైల్వే శాఖ మంత్రి గారికి,

నమస్కారం సార్. మాది అనంతపురం జిల్లా గుంతకల్లు. డీజిల్ అసిస్టెంట్‌గా, అంటే ఇంజిన్లో డ్రైవర్‌కు తోడుగా చేరి, సర్వీసులో ఎక్కువ భాగం గూడ్స్ బండ్లే నడిపి రిటైరయ్యాను. సర్వీసులో ఉన్న పిల్లలు మంత్రికి బహిరంగంగా ఉత్తరం రాస్తే రేపు పొద్దున్నే ఛార్జిషీటు చేతికొస్తుందని భయపడతారు, ఆ భయంలో తప్పు లేదు, నాకిప్పుడు ఆ భయం లేదు కాబట్టి రాస్తున్నా.

ఖాళీ పోస్టుల గురించి, డ్యూటీ గంటల గురించి, ఇంజిన్లో టాయిలెట్ లేకపోవడం గురించి యూనియన్ల వాళ్లు మీకు మెమొరాండాలు ఇస్తూనే ఉన్నారు. అవన్నీ న్యాయమైనవే. డ్యూటీల మధ్య మేం పడుకునే రన్నింగ్ రూముల్లో ఏసీలు వచ్చాయి, కొత్త ఇంజిన్ల క్యాబుల్లో కూడా వస్తున్నాయి, అందుకు మా పిల్లలందరి తరఫున థాంక్స్. నేను రాసేది మాత్రం ఏ మెమొరాండంలోనూ నాకు కనపడని విషయం. బండి మీద డ్రైవర్‌కు కొట్టే బోర్. చదివేవాళ్లలో కొందరికి ఇది చిన్న విషయంగా కనిపించవచ్చు, జీతం తీసుకుంటూ బోర్ ఏంది అని కూడా అనిపించవచ్చు. కానీ అయిదు వేల టన్నుల బరువు వెనకాల పెట్టుకుని, బ్రేకు వేసినా కిలోమీటరు దాకా ఆగని బండిని నడిపే మనిషి బుర్ర ఎక్కడుందనేది ఆ మనిషి ఒక్కడి సమస్య కాదు సార్. ఆ బండికి ముందు వెళ్తున్న ప్యాసింజర్‌లో కూర్చున్న వాళ్లందరి సమస్య.

స్టీమ్ ఇంజిన్ల కాలంలో ఇది లేదు. నేను చేరిన కొత్తలో నందలూరు షెడ్డులో పనిచేసి వచ్చిన పెద్ద డ్రైవర్లు ఇంకా సర్వీసులో ఉండేవాళ్లు, 'బొగ్గు ఎగదోసేవానికి, బాయిలర్లో నీళ్లు చూసుకునేవానికి విసుగు యాడ నుంచి వస్తాదిరా' అనేవాళ్లు. డీజిల్ వచ్చాక చేతులకు పని తగ్గింది, కరెంటు ఇంజిన్లు వచ్చాక ఇంకా తగ్గింది. సింగిల్ లైన్ ఉన్నప్పుడు ప్రతి రెండు మూడు స్టేషన్లకు ఎదురు బండికి దారి ఇచ్చే క్రాసింగ్ ఒకటి ఉండేది, ఆగి బయల్దేరడమే పెద్ద పని, ఇప్పుడు గుంతకల్లు నుంచి రేణిగుంట దాకా డబుల్ లైన్, దారి ఇస్తే బండి అట్లా పోతూనే ఉంటుంది. ఇదంతా మంచికే, వద్దని నేను అనను. అయితే పని తగ్గిన చోట చూపు మాత్రం తగ్గకూడదు, గంటల తరబడి ఏమీ జరగని పట్టాల వైపు చూస్తూ, ఏదైనా జరిగిన ఆ ఒక్క సెకనులో మాత్రం ఠక్కున కదలాలి. మనిషికి ఇంతకంటే కష్టమైన పని తక్కువ.

ఇది నా సొంత అభిప్రాయమే అనుకోవద్దు. రెండో ప్రపంచ యుద్ధంలో రాడార్ ముందు కూర్చునే వాళ్లు సిగ్నల్ ఎందుకు మిస్ అవుతున్నారో తెలుసుకోవడానికి మాక్‌వర్త్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త ఒక ప్రయోగం చేశాడు, 1948లో అచ్చయింది. గడియారం లాంటి డయల్ మీద ముల్లు ఒక్కొక్క గడి కదులుతూ, ఎప్పుడో ఒకసారి రెండు గళ్లు దూకుతుంది, దాన్ని పట్టుకోవాలి, రెండు గంటలు అదే పని. మొదటి అరగంట దాటేసరికే మనుషులు మిస్ అవడం మొదలైంది. వాళ్లు సోమరులు కాదు, సైన్యంలో ఏరి తెచ్చిన కుర్రాళ్లు. మా పిల్లలు అలాంటి అరగంటలు ఒక డ్యూటీలో ఎన్ని గడుపుతారో మీకు చెప్పాల్సిన పని లేదు.

డ్రైవర్ మెలకువగా ఉన్నాడా అని చూసే వీసీడీ అనే పరికరం ఇంజిన్లో ఉంది కదా అని మీ ఆఫీసర్లు చెప్తారు. ఉంది. నిమిషం పాటు డ్రైవర్ ఏ పనీ చేయకపోతే ముందు లైటు వెలుగుతుంది, తర్వాత బజర్ మోగుతుంది, అప్పటికీ బటనో పెడలో నొక్కకపోతే బ్రేకులు పడి బండి ఆగిపోతుంది. పూర్తిగా నిద్రపోయినవాణ్ణి, గుండె ఆగినవాణ్ణి అది పట్టుకుంటుంది. బోర్ కొట్టినవాణ్ణి పట్టుకోలేదు. ఎందుకంటే ఆ నొక్కుడు కొన్నాళ్లకు కాలికి అలవాటైపోతుంది, కళ్లు తెరిచే ఉంటాయి, కాలు టైముకు నొక్కుతూనే ఉంటుంది, బుర్ర మాత్రం ఇంట్లో కూతురు ఫీజు దగ్గరో, బోరు ఎండిపోయిన చేను దగ్గరో ఉంటుంది. ఈ సంగతి రన్నింగ్ స్టాఫ్‌లో ఎవరిని అడిగినా ఒప్పుకుంటారు, రికార్డులో మాత్రం ఎవరూ ఒప్పుకోరు.

ఇక లూప్ లైను, అంటే వేరే బండ్లకు దారి ఇవ్వడానికి స్టేషన్లో మా బండిని పక్కన నిలబెట్టే లైను. నేను ముఖ్యంగా రాయాలనుకున్నది దీని గురించే.

తాడిపత్రి దాటాక వచ్చే చిన్న స్టేషన్లలో ఒకదాన్ని ఊహించుకోండి. మే నెల, మధ్యాహ్నం. ముద్దనూరు థర్మల్‌కు పోయే బొగ్గు బండి. మెయిల్‌కు దారి ఇవ్వాలని లూప్‌లో పెట్టారు. రెండు పక్కలా తుమ్మచెట్లు, నాపరాళ్ల గుట్టలు, ఇంజిన్ బ్లోయర్ల హోరు. అసిస్టెంట్ కిందికి దిగి బండి పక్కన కొంత దూరం నడిచి, వ్యాగన్లు చూసి, చెమటలు కక్కుతూ మళ్లీ ఎక్కుతాడు. మెయిల్ పోతుంది. స్టార్టర్, అంటే బయల్దేరడానికి మాకిచ్చే సిగ్నల్, ఎర్రగానే ఉంటుంది. ఇంకో ఎక్స్‌ప్రెస్ పోతుంది, స్టార్టర్ అట్లనే ఉంటుంది. 'ఇంగ ఎంతసేపు పెడ్తారన్నా?' అని అసిస్టెంట్ అడుగుతాడు. వాకీటాకీలో స్టేషన్ మాస్టర్‌ను అడిగితే 'కంట్రోల్ నుంచి ఏమీ రాలేదు' అంటాడు, ఆయనకు వచ్చి ఉండదు మరి. సిగ్నల్ ఏ నిమిషంలోనైనా పడొచ్చు కాబట్టి కునుకు తీయకూడదు, దిగి చెట్టు కింద కూర్చోకూడదు, ఫోన్ ఆఫ్‌లో ఉండాలి, పేపర్ చదవకూడదు. ఆ ఎర్ర లైటునే చూస్తూ గంట, రెండు గంటలు, ఒక్కోసారి మూడు. కళ్లు అలిసిపోయి కాదు, చూడ్డానికి ఏమీ లేక మనసు మొద్దుబారిపోతుంది. అప్పుడు ఉన్నట్టుండి పసుపు లైటు పడుతుంది. ఆ మొద్దుబారిన మనిషే అదే క్షణంలో పూర్తి హుషారుతో బండి లేపి, లూప్ స్పీడు చూసుకుంటూ, బండి తోక పట్టాలు మారే టర్నౌట్ దాటిందా లేదా లెక్కపెట్టుకుంటూ, ముందు సిగ్నల్ ఏముందో గట్టిగా బయటికి పిలవాలి. నా అనుభవంలో డ్యూటీ మొత్తంలో అతి ప్రమాదమైన నిమిషాలు అవే. ఎర్ర సిగ్నల్ దాటితే స్పాడ్ అంటారు, ఉద్యోగమే పోవచ్చు. విచారణలో రూలు ఏమిటి, బ్రేకు ఎప్పుడు వేశావు అని అడుగుతారు. అంతకు ముందు ఆ మనిషిని ఎన్ని గంటలు, ఏ సమాచారం లేకుండా కూర్చోబెట్టారు అని అడగడం కూడా విచారణలో భాగం కావాలి సార్.

మనుషులు తమంతట తాము ఏవో ఉపాయాలు కనిపెట్టుకుంటారు. నేను చేసినవి, నాతో పనిచేసిన పిల్లలకు చెప్పినవి కొన్ని రాస్తా. కిలోమీటరు రాయి నుంచి కిలోమీటరు రాయికి వాచీ చూసుకోవడం: 48 సెకన్లు పడితే 75 స్పీడు, నిమిషం పడితే 60, ఆ లెక్క స్పీడోమీటరుతో సరిపోయిందా చూడటం. అసిస్టెంట్‌ను ప్రశ్నలు అడుగుతూ ఉండటం, తర్వాత గ్రేడియంట్ ఎక్కుడా దిగుడా, పైతీగలో కరెంటు ఉండని న్యూట్రల్ సెక్షన్ ఎన్నో స్తంభం దగ్గర, ఇంజిన్ మెయిన్ స్విచ్ డీజే ఎక్కడ తీయాలి, స్పీడు తగ్గించాల్సిన చోట్లు రాసిచ్చే ఈ కాషన్ ఆర్డర్‌లో స్పీడు ఎంత, ఏ కిలోమీటరు నుంచి ఏ కిలోమీటరు దాకా. విజిల్ బోర్డు వచ్చిన ప్రతిసారీ లేచి నిలబడటం. నోట్లో ఏదో ఒకటి నములుతూ ఉండటం, మా వైపు వేయించిన చెనక్కాయలకు కొదవ లేదు. అన్నిటికన్నా పనిచేసేది సిగ్నల్‌ను చెయ్యి చాపి, గొంతెత్తి పిలవడం. ఇది మన రూల్లోనూ ఉంది, జపాన్ వాళ్లు ఎప్పటినుంచో చేస్తున్నారు, అక్కడి రైల్వే పరిశోధన సంస్థ 1994లో పరీక్ష పెట్టి చూస్తే, వేలితో చూపి గట్టిగా పిలిచినప్పుడు నూరు పనులకు 2.38 ఉన్న తప్పులు 0.38కి తగ్గాయట. కానీ మన దగ్గర దీన్ని ఇన్‌స్పెక్టర్ ఇంజిన్ ఎక్కినప్పుడు చూపించే పద్ధతిగా మార్చేశాం. కొత్త అసిస్టెంట్‌కు రూల్ నంబర్ చెప్తారు గానీ, అది తన బుర్రను మేల్కొలిపే పని అని ఎవరూ చెప్పరు. చెప్తే ఆ పిల్లవాడు మనస్ఫూర్తిగా పిలుస్తాడు.

ఇప్పుడు క్యాబుల్లో కెమెరాలు, మాటలు రికార్డు చేసే పరికరాలు పెడుతున్నారు. యాక్సిడెంట్ జరిగితే నిజం తెలియాలి, పెట్టండి. కానీ దాని వల్ల ఇంజిన్లో ఇద్దరూ మాట్లాడుకోవడానికే భయపడుతున్నారు, ఏ మాట ఎవరు విని ఏ రిపోర్టు రాస్తారో అని. తెల్లవారుజామున మూడింటికి బాలపల్లి అడవిలో పోతున్నప్పుడు పక్కనున్న మనిషి గొంతు వినిపించకపోతే ఎంత ప్రమాదమో ఆ సీట్లో కూర్చున్నవాళ్లకు తెలుసు. సిగ్నళ్ల మధ్య మామూలు మాటలు తప్పు కాదు అని మీరు ఒక్క ముక్క రాతలో ఇస్తే చాలు.

బండ్లు గుద్దుకోకుండా తనంతట తానే బ్రేకు వేసే కవచ్ వస్తోంది కదా అంటారు. రావాలి, ఎంత తొందరగా వస్తే అంత మంచిది, ఎర్ర సిగ్నల్ దగ్గర మనిషి పొరపడినా బండి ఆగుతుందంటే మాకంటే సంతోషించేవాళ్లు ఎవరు? కానీ కవచ్ వచ్చాక డ్రైవర్ పని ఇంకా తగ్గుతుంది, చూస్తూ కూర్చోవడం ఇంకా పెరుగుతుంది. పట్టాల మీద పశువులు, గేటు దగ్గర ఇరుక్కున్న ట్రాక్టరు, వానకు జారిన కట్ట, ఇవన్నీ మనిషి కంటికే కనపడాలి. కవచ్‌తో పాటే బోర్ గురించి కూడా ఆలోచన మొదలుపెట్టకపోతే, కవచ్ చూడలేనివి చూడాల్సిన మనిషి మరింత మొద్దుబారి ఉంటాడు.

విజయనగరం జిల్లా కంటకాపల్లి దగ్గర 2023 అక్టోబర్ 29న ఒక ప్యాసింజర్‌ను ఇంకో ప్యాసింజర్ గుద్దిన ప్రమాదం మీకు గుర్తుండే ఉంటుంది. 14 మంది పోయారు, వెనక నుంచి గుద్దిన బండి డ్రైవర్, అసిస్టెంట్ కూడా అందులోనే పోయారు. వాళ్ల ధ్యాస ఫోన్ మీద ఉందనే మాట తర్వాత బయటికొచ్చింది. జవాబు చెప్పడానికి ఆ ఇద్దరూ లేరు, కాబట్టి ఆ మాటను నేను మోయను. నా బాధ వేరే. ప్రతిసారీ 'ఫోన్ చూశాడా' దగ్గరే ప్రశ్న ఆగిపోతోంది. ఫోన్ తీసి లాకర్లో పెట్టించినా, ఖాళీగా ఉన్న బుర్ర ఖాళీగా ఉండదు, ఎక్కడికో పోతుంది. అది ఎక్కడికీ పోకుండా ఎలా ఉంచుకోవాలో నేర్పడం రైల్వే పని కాదా?

నేను అడిగేవి పెద్ద ఖర్చుతో అయ్యేవి కావు. కంట్రోల్ ఆఫీసు కంప్యూటర్లో ఏ బండి వెనక ఏ బండి వస్తోందో, ఎప్పుడు వస్తోందో అంతా కనిపిస్తుంది. లూప్‌లో పెట్టిన బండి క్రూకు, అంటే డ్రైవర్‌కు, అసిస్టెంట్‌కు, 'ఇంకో గంటన్నర దాకా దారి లేదు' అని స్టేషన్ మాస్టర్ ద్వారా చెప్పించండి. అంచనా తప్పినా ఫర్వాలేదు, మళ్లీ చెప్పండి. టైము తెలిస్తే డ్రైవర్ అసిస్టెంట్‌ను కాపలా పెట్టి పదిహేను నిమిషాలు దిగి నడుస్తాడు, ముఖం కడుక్కుంటాడు, తర్వాత వీడు ఎక్కి వాడు దిగుతాడు, బయల్దేరే టైముకు ఇద్దరూ మనుషుల్లా ఉంటారు. అలా దిగడం తప్పు కాదని కూడా రాతలో ఉండాలి. లూప్ నుంచి చాలాసేపటి తర్వాత బండి లేపే ముందు ఇద్దరూ రెండు నిమిషాలు కాషన్ ఆర్డర్ బయటికి చదువుకోవడం తప్పనిసరి చేయండి. రెఫ్రెషర్ ట్రైనింగ్‌లో ఇంజిన్ ట్రబుల్ షూటింగ్‌కు రోజులు ఇస్తున్నారు, అందులో ఒక్క పూట దీనికి ఇవ్వండి, ఆ పూట పాఠం చెప్పేది సీనియర్ గూడ్స్ డ్రైవర్లు అయితే ఇంకా మంచిది.

ఇంకొకటి. ఉద్యోగంలో చేరేటప్పుడు మా పిల్లలకు సైకో టెస్టు పెడతారు, దానికి లక్నోలో రైల్వే పరిశోధన సంస్థ ఆర్డీఎస్‌వోలో మనస్తత్వ శాస్త్రం చదివిన నిపుణులే ఉన్నారు. చేరాక మాత్రం వాళ్లు మళ్లీ మాకు కనపడరు. వాళ్లను గుంతకల్లుకు పంపండి సార్. వందే భారత్ కాదు, ఎక్స్‌ప్రెస్ కూడా కాదు, గుంతకల్లు లాబీలో, అంటే డ్యూటీ ఎక్కేటప్పుడు సంతకం పెట్టే ఆఫీసులో, సైన్ ఆన్ చేసే గూడ్స్ క్రూతో ఎక్కి రేణిగుంట దాకా రానివ్వండి, రాత్రి బండిలో ఒకసారి, ఎండలో ఒకసారి, ఎన్ని గంటలు పడితే అన్ని గంటలు. ఏ గంటలో మనిషి చూపు మందగిస్తుందో, ఎంతసేపు ఆగాక తేరుకోవడానికి ఎంత టైము పడుతుందో కొలవనివ్వండి. డ్రైవర్ పేరు ఆ రిపోర్టులో రాకూడదు, వస్తే ఎవడూ నిజం చెప్పడు.

ఈ ఉత్తరానికి నాకు జవాబు అక్కర్లేదు. లూప్‌లో ఉన్న క్రూకు టైము చెప్పాలని, దిగి నడవడం నేరం కాదని ఒక్క సర్క్యులర్ వచ్చి లాబీ బోర్డు మీద అతికిస్తే చాలు, సైన్ ఆన్‌కు వచ్చే పిల్లలు అక్కడే చదువుకుంటారు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ గూడ్స్ డ్రైవర్,
గుంతకల్లు