విషయం: ప్రీయాంప్ ట్యూబ్ మార్చడం గురించి అడిగి 43 రోజులైంది, ఇప్పటికీ ఒక్కరు సమాధానం చెప్పలేదు

కస్టమర్ కేర్ హెడ్ గారికి,

నమస్తే సర్. ఈ లెటర్ మీ టేబుల్ దాకా వస్తుందో లేక మధ్యలోనే ఎవరన్నా కొట్టేస్తారో తెలీదు, ఎందుకంటే నా కంప్లైంట్ ఇప్పటికి మూడుసార్లు "రిజాల్వ్డ్" అని క్లోజ్ చేశారు, మూడుసార్లూ నన్ను ఒక్క మాట అడగలేదు. అందుకే ఈసారి మెయిల్ మానేసి స్పీడ్ పోస్ట్‌లో పంపుతున్నా.

ముందే చెప్తున్నా, నా బేస్ గిటార్ సౌండ్ పెంచే యాంప్ పాడైందని నా కోపం కాదు. దాని లోపలుండే గాజు ట్యూబ్, అదే వాల్వ్, వాడే కొద్దీ పోతుంది, అది అందరికీ తెలిసిందే. లో నోట్ కొట్టినప్పుడల్లా టింగుమని మోగుతోంది, మధ్యమధ్యలో చరచరమంటోంది, గిటార్ సిగ్నల్‌ని మొదట పెంచే ప్రీయాంప్ ట్యూబ్, అంటే 12ఏఎక్స్7 అనేది, పోయిందని నాకు అర్థమైంది. నేను అడిగింది చిన్న విషయం, ఆ ట్యూబ్ నేనే మార్చుకోవచ్చా, మార్చుకుంటే వారంటీ ఉంటదా పోతదా, ప్లగ్ పీకాక ఎంతసేపు ఆగి మూత తియ్యాలి. అంతే. మీ మాన్యువల్‌లో లోపల ముట్టుకోవద్దు అని ఒక్క లైన్ తప్ప ఏమీ లేదు, స్క్రూ మీద మాత్రం స్టిక్కర్ అతికించారు, అది చింపితే వారంటీ పోతుందని రాశారు.

మొదటిసారి ఫోన్ చేస్తే పావుగంట మ్యూజిక్ వినిపించి తర్వాత ఒక మేడమ్ వచ్చారు, తెలుగులో మాట్లాడే వాళ్లు లంచ్‌కి వెళ్లారు అన్నారు, సరే అని హిందీలోనే చెప్పాను, అంతా విని మోడల్ నంబర్ రాసుకుని 48 గంటల్లో కాల్ వస్తుంది అన్నారు. రాలేదు. రెండోసారి చేస్తే ఇంకో అబ్బాయి, ట్యూబ్ అనగానే "ట్యూబ్‌లైట్ మా ప్రొడక్ట్ కాదు సర్, దగ్గర్లో ఎలక్ట్రీషియన్‌ని పిలిపించుకోండి" అన్నాడు. ట్యూబ్‌లైట్ కాదు బాబూ, యాంప్ లోపల ఉండే వాల్వ్ అని నేను చెప్తూనే ఉన్నా, లైన్ కట్ అయ్యింది. యాంప్‌లు అమ్మే కంపెనీలో ఫోన్ ఎత్తే పిల్లాడికి ట్యూబ్ అంటే ఏంటో ఎవరూ చెప్పకపోతే ఆ తప్పు వాడిది కాదు సర్, మీది.

ఇలా కాదని బేగంపేటలో మీ సర్వీస్ సెంటర్‌కి నేనే తీసుకెళ్లాను. పద్మారావు నగర్ నుంచి స్కూటీ మీద, ముందు కాళ్ల దగ్గర యాంప్ పెట్టుకుని, పైన రెయిన్‌కోట్ కప్పి, నేను తడుచుకుంటూ. అక్కడి తమ్ముడు బేస్ గిటార్ కూడా పెట్టి చూడలేదు, తన ఫోన్‌కి కేబుల్ గుచ్చి ఒక పాట పెట్టి "సౌండ్ వస్తుంది కదా అన్నా" అన్నాడు. అయినా పెట్టుకోమని ఇచ్చి వచ్చా. 11 రోజుల తర్వాత తీసుకెళ్లమన్నారు, స్లిప్ మీద "చెక్డ్, ఓకే" అని రాసి ఉంది. ఇంటికొచ్చి చూస్తే స్టిక్కర్ మీద చిన్న గీత కూడా లేదు, స్క్రూల గాడుల్లో దుమ్ము కూడా అట్లనే ఉంది. అంటే మూత కూడా తియ్యకుండా ఓకే అని సంతకం పెట్టారు.

ఇంత జరిగినా ఓపిక పట్టాను. కానీ నాలుగో కాల్‌లో జరిగింది మాత్రం మర్చిపోలేను. టెక్నికల్ టీమ్ అని చెప్పుకున్న ఒకాయన "స్విచ్ ఆన్‌లో ఉంచి వెనక మూత తీసి, ట్యూబ్ ఎర్రగా వెలుగుతుందో లేదో వేలితో కొంచెం కదిపి చూడండి" అన్నాడు. సర్, ఆ మాటకి ఏమర్థమో మీకు తెలుసా? గోడలోంచి వచ్చే 230 వోల్టులు ఒక ఎత్తు, లోపల ట్యూబ్‌కి ఇచ్చేది దానికన్నా ఎక్కువ ఉండొచ్చు. ప్లగ్ పీకేసినా కరెంట్ దాచుకునే కెపాసిటర్లలో చార్జ్ మిగిలే ఉంటుంది, వాటిని ఖాళీ చేసే రెసిస్టర్ ఉందో లేదో, ఉంటే ఎన్ని నిమిషాలు పడుతుందో అది డిజైన్ చేసిన మీకే తెలియాలి, అందుకే కదా మిమ్మల్ని అడిగింది.

మా నాన్న కోఠి గుజరాతీ గల్లీ పక్క సందులో వాల్వ్ రేడియోలు రిపేర్ చేసేవాడు. స్కూల్ అయ్యాక పక్కన స్టూల్ మీద కూర్చుని చూసేవాణ్ణి. రేడియో వెనక అట్ట తీస్తే చాలు, ఎడమ చెయ్యి ప్యాంటు జేబులోకి పోయేది, కుడిచేత్తోనే పని. ఎందుకంటే ఒక చేతిలోంచి ఇంకో చేతికి కరెంట్ పోయిందంటే దారిలో గుండె ఉంటుంది అనేవాడు. "ప్లగ్ పీకినా కరెంట్ చావదురా, కెపాసిటర్‌లో కూర్చొని ఉంటది" అనేవాడు. ఆ మాట నాకు తెలుసు కాబట్టి ఈ రోజు ఈ లెటర్ రాస్తున్నా, తెలియని పిల్లోడు ఎవడన్నా ఆ ఫోన్ చేసి ఉంటే ఏం జరిగేది?

ట్యూబ్ మార్చడం రాక అడగట్లేదు. ప్లగ్ పీకి, చల్లారనిచ్చి, మీటర్ పెట్టి వోల్టేజ్ లేదని చూసుకుని, పైన రేకు డబ్బా తీసి, తిప్పకుండా మెల్లగా అటూ ఇటూ కదుపుతూ పైకి లాగితే వచ్చేస్తుంది, 9 పిన్నుల మధ్య ఉన్న గ్యాప్ చూసుకుని కొత్తది నొక్కడమే, పవర్ ట్యూబులకి చేసినట్టు దీనికి బయాస్, అంటే ట్యూబ్‌లో పారే కరెంట్, సెట్ చేసే పని కూడా ఉండదు. పది నిమిషాల పనికి 43 రోజులు తిప్పారు. ఈ 43 రోజుల్లో ఆరు ఆదివారాలు చర్చిలో వేరేవాళ్ల యాంప్ అడుక్కుని వాయించాను, రెండు పెళ్లి ప్రోగ్రామ్‌లు వదులుకున్నాను.

2011లో నా మొదటి యాంప్ మీదే కొన్నాను, ఇది మూడోది. నా మాట మీద మా చర్చి క్వైర్‌లో ఇద్దరు, మా ఆర్కెస్ట్రాలో కీబోర్డ్ అన్న మీ బ్రాండే కొన్నారు. ఇప్పుడు వాళ్లు అన్నా నీది రిపేర్ అయ్యిందా అని అడుగుతుంటే ఏం చెప్పాలో తెలియట్లేదు, తల కొట్టేసినట్టు ఉంటోంది.

నేను అడిగిన మూడింటికీ రాతపూర్వకంగా, కింద మీ పేరు సంతకంతో జవాబు కావాలి, ఆ మూడుసార్లు క్లోజ్ చేసింది ఎవరో కూడా చెప్పాలి, ఆన్‌లో పెట్టి మూత తియ్యమనే సలహా ఇంకెవరికీ ఇవ్వొద్దని మీ వాళ్లందరికీ ఆర్డర్ వెళ్లాలి. కొత్త ట్యూబ్ పంపుతారా లేదా అన్నది మీ ఇష్టం, అది నేను కొనుక్కోగలను. పదిహేను రోజులు చూస్తాను. తర్వాత జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తాను, అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం నేనుండే ఊళ్లోనే వెయ్యొచ్చు, 5 లక్షల లోపు వాటికి ఫీజు కూడా లేదు, అన్నీ కనుక్కునే రాస్తున్నా. మీ స్లిప్, స్టిక్కర్ ఫోటోలు, కాల్ చేసిన తేదీలు అన్నీ ఫైల్‌లో పెట్టాను.

నా నంబర్ మీ దగ్గర ఉంది. ఫోన్ చేసేది యాంప్ లోపల ఏముందో తెలిసిన మనిషై ఉండాలి. ఆదివారం మధ్యాహ్నం దాకా చర్చిలో ఉంటాను, మిగతా ఎప్పుడు చేసినా ఎత్తుతాను.

ఇట్లు,
మీ పద్మారావు నగర్ కస్టమర్, సికింద్రాబాద్